మూరెడు పూలు కట్టేంత సేపు

మొన్నొక పొద్దున బాగేపల్లి నుంచి చిక్కబళ్ళాపురానికి బస్సులో పోతున్నాను. పేరేసంద్రలో ఒకామె తడిగోనె కప్పిన బుట్టతో ఎక్కి, దాన్ని నా కాళ్ళ దగ్గర దించింది. గోనె కింద మరువం. ఆ ఘాటు ముక్కుకు తగలగానే నా నాలుక దానంతట అదే పైకి లేచింది. నాలుక కింద నీళ్ళూరాయి, ఆ నీళ్ళలో నిమ్మ ఉప్పు కలిసినట్టు పులుపు, దాని వెనకే ఒక చేదు. నాలుక కింద పెట్టుకునే ఆ మాత్ర మానేసి ఎన్నేళ్ళయిందని! పక్క సీటాయన "యాడికప్పా పోతాండావు?" అని అడిగాడు. నేను పలకలేదు. నోరు మూసుకుని, ఉమ్మి కూడా మింగకుండా, బుట్ట వైపే చూస్తూ కూర్చున్నాను. ఆయన నన్ను మూగవాడనుకున్నాడో పొగరుబోతు అనుకున్నాడో, మొగం కిటికీ వైపు తిప్పుకున్నాడు.

ఆ బుట్ట మా నారాయణమ్మది కాదని నాకు తెలుసు. ఆమె పోయి చాలా కాలమైంది. అయినా దిగేదాకా ఆ గోనెపట్టా మీద నుంచి కళ్ళు తిప్పుకోలేకపోయాను. బుట్ట దించేటప్పుడు ఒక రెమ్మ కింద పడితే తీసి జేబులో వేసుకున్నాను. ఇది రాస్తుంటే ఆ రెమ్మ బల్ల మీద వాడిపోయి ఉంది. బడిలో నేను చదివింది కన్నడం, తెలుగు రాయడం మా నాయన ఇంట్లో నేర్పాడు. అందుకే ఆమె గురించి ఆమె భాషలోనే రాయాలనిపించింది, ఆమెకు చదవడం రాకపోయినా సరే.

నారాయణమ్మ బాగేపల్లి బస్టాండు ఎదురుగా పూలు అమ్మేది. మనిషి పొట్టి, గొంతు మాత్రం బస్టాండు ఆ చివరిదాకా వినబడేది. కాళ్ళు బారజాపి, కాలి బొటనవేలికి దారం చుట్టి, కనకాంబరాల మధ్య మరువం రెమ్మలు పెట్టి కడుతూ ఉండేది. మోచేతి నుంచి వేలి కొస దాకా కొలిచి మూర అనేది. "నీ చెయ్యి పొట్టి కదా చిన్నమ్మా, మూర చిన్నదైపోతాది" అని బేరమాడేవాళ్ళు ఏడిపిస్తే, "చెయ్యి కొలిచేకి వచ్చినావా, పూలు కొనేకి వచ్చినావా?" అని ఇంకో జానెడు వదిలి తెంపేది. వాళ్ళే కాదు, ఊళ్ళో అందరూ ఆమెను చిన్నమ్మా అనే పిలిచేవాళ్ళు. కండక్టర్లు, కాలేజీ పిల్లలు, పోలీసు జవాన్లు, అందరికీ చిన్నమ్మే. మా దగ్గర పెద్దవాళ్ళను పేరు పెట్టి పిలవరు. ఏదో ఒక వరస కలుపుకోకపోతే నాలుక తిరగదు. ఈ అలవాటే తర్వాత నా బతుకును అటూ ఇటూ చేసింది.

అప్పటికి మాది ఇంకా కోలారు జిల్లానే. నేను చింతామణి మార్కెట్టు నుంచి బెంగళూరుకు టమాటా టెంపో తోలేవాడిని. ఒకసారి బండి పల్టీ కొట్టి నడుము, కాలు దెబ్బతిన్నాయి. నొప్పికి డాక్టరు మాత్రలు రాశాడు. దెబ్బ మానింది, మాత్ర మానలేదు. చీటీ అయిపోయినా మందులంగడిలో అడిగితే ఇచ్చేవాళ్ళు. కొన్నాళ్ళకు అది నొప్పికి వేసుకునే మాత్ర కాకుండా పోయింది. వేసుకోకపోతే ముక్కు కారేది, ఆవలింతలు వచ్చేవి, ఎముకల్లో ఎవరో రంపం పెట్టినట్టుండేది. బండి పోయింది. నా భార్య సుజాత చాలా ఓర్చుకుంది, చివరికి పాపను చంకనేసుకుని చింతామణిలో పుట్టింటికి వెళ్ళిపోయింది. "మనిషివైనాక చెప్పి పంపు, వస్తాను" అన్నది ఆమె గడప దాటుతూ. ఆ మాట తలుచుకోని పూట లేదు. తలుచుకున్న ప్రతిసారీ మళ్ళీ ఆ అంగడికే పోయేవాడిని.

ఆ అంగడి మెట్ల పక్కనే చిన్నమ్మ కూర్చునే చోటు. ఒకరోజు నేను తల దించుకుని దాటిపోతుంటే పిలిచింది.

"శీనప్పా, ఇట్ల రా. ఈ దారం కొస పట్టుకో."

పట్టుకున్నాను. దారం గాలికి ఊగినట్టు ఊగింది.

"చెయ్యి యాల అదురుతాండాది?"

"జ్వరం చిన్నమ్మా."

"ఆ జ్వరం నీ పెండ్లాం పోకముందు నుంచీ ఉండాది. నాకి తెలీదనుకోవద్దు. నా ముందర నుంచే కదా అంగడికి పోతాండావు." దారం నా చేతిలోంచి లాక్కుంది. "చిక్కబళ్ళాపురం ఆస్పత్రెలో బెంగళూరు డాక్టర్లు వచ్చిండారంట. నీ మాదిరి నొప్పి మాత్రలకి మరిగినోళ్ళని చేర్చుకొని ఏదో పరిశోధన చేస్తాండారంట. పూల మార్కెట్లో చెప్పుకొంటాండిరి."

"పరిశోధనా? నామీద మందు పరీక్ష చేస్తారా? నేనేమైనా ఎలకనా?"

"ఎలకకైనా దాని ఇంటికి దారి తెలుసు. నువ్వు దానికన్నా పనికొస్తాండావా ఇప్పుడు?"

కోపం రావాలి. రాలేదు. నాతో అంత మామూలుగా ఎవరైనా మాట్లాడి చాలా నాళ్ళయింది. మిగతావాళ్ళందరూ నన్ను చూస్తే జాలి పడేవాళ్ళు, లేదా జేబు తడుముకునేవాళ్ళు. మరునాడు ఆమె అంగడి పెట్టకుండా, పూలబుట్ట ఒళ్ళో పెట్టుకుని నాతో బస్సెక్కింది.

ఆసుపత్రిలో డాక్టరు వయసులో చిన్నవాడే, ఓపిక మాత్రం పెద్దది. కన్నడంలో నిదానంగా చెప్పాడు. మాత్ర కొత్తదేమీ కాదు, ఈ రోగానికి పనిచేస్తుందని తెలిసిందే. అయితే దాన్ని రోజూ ఆసుపత్రికి వచ్చి నర్సు ముందర వేసుకోవడం మేలా, ఇంట్లో మనిషి ముందర వేసుకోవడం మేలా అన్నది చూస్తారట. ఎవరు ఏ గుంపులోకి పోతారో చీటీ తీసినట్టు తేలుతుందట, మా ఇష్టం కాదు, తన ఇష్టం కూడా కాదు. ఎప్పుడు వద్దనుకున్నా లేచి వెళ్ళిపోవచ్చు, ఎవరూ నిష్ఠూరమాడరు, వైద్యం ఆపరు అన్నాడు. చిన్నమ్మ అంతా విని, "పెండ్లి కన్నా ఇదే మేలప్పా. వద్దనుకుంటే లేచిపోవచ్చునంట" అన్నది. డాక్టరుకు తెలుగు వచ్చు కాబోలు, నవ్వు ఆపుకోలేకపోయాడు.

"ఈమె మీకు ఏమవుతారు?" అని నన్నడిగాడు.

"చిన్నమ్మ" అన్నాను. ఊరంతా అనే మాటే అన్నాను. ఆయన రాసుకున్నాడు. నాకు వచ్చిన చీటీ ఇంటి గుంపుది. మాత్రలు చిన్నమ్మ చేతికిస్తారు, ఆమె రోజూ తన కళ్ళ ముందర వేయించాలి, వారానికొకసారి ఖాళీ అట్టలు తెచ్చి చూపించాలి.

మొదటి మాత్ర మాత్రం ఆసుపత్రిలోనే. పాత మాత్రలు మానేసి, ఒళ్ళు పీకడం మొదలయ్యాకే రమ్మన్నారు. నేను బల్ల మీద ముడుచుకుని వణుకుతుంటే చిన్నమ్మ పూలబుట్ట మీది తడిగుడ్డ తీసి పక్కన పెట్టి, అడుగున మడిచి తెచ్చిన తన దుప్పటి నాకు కప్పింది. ఆ దుప్పటి నిండా మరువం వాసన. నర్సు మాత్ర నాలుక కింద పెట్టి, కరిగేదాకా మింగకూడదు, మాట్లాడకూడదు అని చెప్పి గడియారం చూస్తూ నిలబడింది. చిన్నమ్మకు చేతులు ఊరుకోవు కదా, కింద కూర్చుని దారం వేలికి చుట్టి కట్టడం మొదలుపెట్టింది. ఆమె మూర తెంపేసరికి నా నోట్లో మాత్ర కరిగిపోయింది. నర్సు గడియారం వైపు చూసి తల ఊపింది. "దీనికి గడియారం యాలమ్మా, నాకి మూర ఉండాది కదా" అన్నది చిన్నమ్మ. సాయంత్రానికి నా ఎముకల్లో రంపం ఆగింది. నేను ఏడ్చాను. ఆమె నన్ను ఏడవనిచ్చి, బస్సు వేళయిందని లేపింది.

ఆ రోజు నుంచి పొద్దున్నే మా ఇంటికి వచ్చేది. మాత్రల డబ్బా ఆమె వక్కాకు సంచిలో ఉండేది, సంచి ఎప్పుడూ నడుముకే. మాత్ర నా నాలుక కింద పెట్టించి, గడప మీద కూర్చుని కట్టడం మొదలుపెట్టేది, కడుతూ మాట్లాడేది. నేను మాట్లాడకూడదు. ఏమైనా సైగ చేయబోయినా "గమ్మునుండు" అనేది. మూర అయ్యాక తన గడ్డం మీద వేలితో రెండు సార్లు తట్టేది. అంటే నోరు తెరవమని. నేను నోరు తెరిచి, నాలుక ఎత్తి, అటు ఇటు తిప్పి చూపాలి. ఆమె కంట్లో నలుసు చూసినంత శ్రద్ధగా లోపలికి చూసి, "ఊఁ. పో, పనికి పో" అని చేయి విదిలించేది. అప్పటికి పెట్రోలు బంకులో పని దొరికింది. ఆ మాట అనిపించుకోకుండా పనికి పోతే ఏదో తక్కువైనట్టుండేది.

ఆమె చెప్పినవన్నీ రాస్తే ఇది తెగదు. ఎక్కువ భాగం ఊళ్ళో గొడవలే. ఒకరోజు మాత్రం దారం వైపే చూస్తూ తన మొగుడి మాట ఎత్తింది. "మా ఆయప్ప తాగి తాగి పోయినాడు శీనప్పా. తాగొద్దని చెప్పేకి నోరు తెరిస్తే, మా అత్త గమ్మునుండనె, మా నాయన గమ్మునుండనె. ఆడదానివి, నోరు మూసుకో, వాడే మారతాడు అనిరి. మూసుకొని కూసుంటి. ఆయప్ప నా కండ్ల ముందరే ఉబ్బిపోయి పాయె." ముడి బిగించి పళ్ళతో దారం కొరికింది. "అప్పుడు అందరూ నన్ను గమ్మునుండమనిరి. ఇప్పుడు నువ్వు గమ్మునుండు, నేను మాట్లాడతా." ఊళ్ళో ఇంతమంది ఉండగా ఈమె నా వెంట ఎందుకు పడిందో అప్పుడు తెలిసింది. నోట్లో మాత్ర ఉండబట్టి సరిపోయింది. లేకపోతే ఏదో ఓదార్పు మాట అని, ఆ మాటను పాడుచేసి ఉండేవాడిని.

కొన్ని వారాలు గడిచాక పరిశోధన తరఫున ఇళ్ళకు వచ్చి చూసి వెళ్ళే మంజుల మేడం బాగేపల్లికి వచ్చింది. మా ఇంటికి వస్తే నేనొక్కడినే ఉన్నాను. చిన్నమ్మ లేదా అంటే, అంగడిలో ఉంటుందన్నాను. మరి రాత్రి ఎక్కడ పడుకుంటుంది అంటే, వాళ్ళింట్లో అన్నాను. మేడం మొగం మారింది. పక్కింటామెను అడిగింది, ఈయన చిన్నమ్మ ఇల్లేది అని. "ఆయమ్మ ఈయప్పకేంది, మా అందరికీ చిన్నమ్మే" అన్నది పక్కింటామె, సాయం చేస్తున్నాననుకుని. మేడం నేరుగా బస్టాండుకు నడిచింది, వెనకాలే నేను.

"మీరు శ్రీనివాసకి ఏమవుతారమ్మా?"

"చిన్నమ్మ."

"అంటే వాళ్ళమ్మకి చెల్లెలా?"

"కాదు."

"వాళ్ళ నాయన తమ్ముడి భార్యా?"

"అయ్యో, వాళ్ళ కులమే వేరు మేడం."

"మరి చిన్నమ్మ ఎట్లయితారు?"

చిన్నమ్మ పూలు కట్టడం ఆపి ఆమెను ఎగాదిగా చూసింది. "చిన్నమ్మంటే చిన్నమ్మే. దానికి ఎట్ల అని ఎవురన్నా అడుగుతారా?"

నవ్వొచ్చే మాటే, కానీ మేడం నవ్వకుండా రాసుకుంది. మందు చూసుకునే మనిషి ఒకే ఇంట్లో ఉండే ఇంటి మనిషై ఉండాలన్నది నియమం. మేము మోసం చేయలేదు. ఆమె నా చిన్నమ్మ కాదని మా ఇద్దరికీ ఎప్పుడూ తోచనే లేదు. మరుసటి వారం చిక్కబళ్ళాపురం పోతే డాక్టరు నొచ్చుకుంటూ చెప్పాడు. ఇంటి గుంపులో నన్ను ఉంచడం కుదరకపోవచ్చు, ఇక్కడ ఈ మాత్ర పరిశోధనలో ఉన్నవాళ్ళకే ఇస్తారు, వైద్యానికి బెంగళూరు పెద్దాసుపత్రికి రాసిస్తాను అన్నాడు. బెంగళూరుకు రోజూ పోయి వస్తే పని ఉండదు. పని లేకపోతే నాకు ఆ మందులంగడి ఉంది. ఆ దారి నా కాళ్ళకు బాగా తెలుసు. సుజాత గడపలో నిలబడి అన్న మాట నా చెవుల్లో మోగింది. నేను తల దించుకుని లేవబోయాను.

చిన్నమ్మ లేవలేదు. "సామీ, ఒక మాట. రక్తం కలవాల్నా, ఒకే ఇంట్లో ఉంటే చాల్నా?"

డాక్టరు కొంచెం ఆలోచించి, "ఒకే ఇంట్లో ఉండే పెద్దవాళ్ళయితే చాలు. అది కూడా నేను పైనున్న కమిటీని అడగాలి. ఉన్నది ఉన్నట్టు రాసి అడుగుతాను" అన్నాడు.

"రాయి. చుట్టం కాదని రాయి. ఒకే ఇంట్లో ఉండారని కూడా రాయి. మేడంని రేపే వచ్చి చూసుకోమను."

బస్సు దిగి ఆమె తన ఇంటికి పోలేదు. మా ఇంటికి వచ్చి నా చాప, ట్రంకుపెట్టె, నా రెండు గిన్నెలు ఎత్తించింది. ఆమెది ఒకటే గది, వెనక పూలబుట్టలు పెట్టుకునే చిన్న కొట్టు. బుట్టలన్నీ తన మంచం కిందికి తోసి, కొట్టు ఊడ్చి, "ఇదే నీ ఇల్లు" అన్నది. మరునాడు మంజుల మేడం వచ్చేసరికి నేను కొట్లో చాప మీద కూర్చుని ఉన్నాను, చిన్నమ్మ పొయ్యి మీద రాగి సంకటి కెలుకుతోంది. మేడంకు కూడా ఒక ముద్ద పెట్టింది. కమిటీ ఒప్పుకున్నదని తర్వాత కబురు వచ్చింది. చిన్నమ్మ కట్టడం ఆపకుండానే విన్నది. ఎవరో పైన కూర్చుని ఒప్పుకునే విషయం అని ఆమెకు అనిపించి ఉండదు.

ఊరు ఊరుకుంటుందా? వేరే కులం మగవాణ్ణి, అందులోనూ మాత్రల మనిషిని, ముసలామె ఇంట్లో పెట్టుకుందని ముక్కున వేలేసుకున్నారు. చాకవేలులో ఉన్న ఆమె కూతురు రత్నమ్మ బస్సు దిగి వీధిలోనే గొంతెత్తింది. "సొంత మనవళ్ళని ఒక పొద్దన్నా ఉంచుకుంటివా? యాడనో మనిషిని తెచ్చి ఇంట్లో పెట్టుకుంటివే! మా అత్తగారింట్లో నాకి మొగమెట్ల చెల్లల్ల?" చిన్నమ్మ, అంత గొంతున్న మనిషి, గొంతెత్తకుండా చెంబుతో నీళ్ళు తెచ్చిచ్చింది. రత్నమ్మ నీళ్ళయినా తాగకుండా వెళ్ళిపోయింది. చాలా కాలం రాలేదు. పండగకు కూడా రాలేదు. చిన్నమ్మ చాకవేలు బస్సు వచ్చినప్పుడల్లా కట్టడం ఆపి, దిగేవాళ్ళను చివరి మనిషి దాకా చూసి, మళ్ళీ దారం అందుకునేది. నేను వెళ్ళిపోతానంటే, "నువ్వు పోతే ఆ పిల్ల వస్తాది. నీ పెండ్లాం రాదు. ఆ పిల్ల ఎప్పటికైనా నా కూతురే" అన్నది.

ఆ కొట్లో గడిపిన నెలలే నాకు ఇప్పుడు ఎక్కువ జ్ఞాపకం వస్తాయి. కొట్టు గోడకు పూలతడి దిగి ఎప్పుడూ చల్లగా ఉండేది. నిద్ర లేవగానే మరువం, సంకటి పొగ, ఆమె దగ్గు. సాయంత్రాలు నాకూ కట్టడం నేర్పింది. స్టీరింగు పట్టిన చేతులు, ముడి వేస్తే పువ్వు నలిగేది. "పూలు కడతాండావా, బోల్టు బిగిస్తాండావా?" అని విప్పించేది.

ఒక పొద్దున ఎప్పటిలాగే మాత్ర నాలుక కింద ఉంది, చిన్నమ్మ కడుతోంది. వాకిట్లో నీడ పడింది. చూస్తే సుజాత, చేతిలో పాప చేయి. పాప నన్ను గుర్తుపట్టలేదు, తల్లి కాలి వెనక దాక్కుంది. నేను దిగ్గున లేవబోయాను.

"గమ్మునుండు" అన్నది చిన్నమ్మ. "ఇంకా జానెడు ఉండాది. రామ్మా, కూకో. ఆయప్ప నోరు తెరిచేకి లేదు."

సుజాత గడప పక్కన కూర్చుంది. తర్వాత తెలిసింది, చిన్నమ్మ నాకు చెప్పకుండా చింతామణి పోయి ఆమెను కలిసి వచ్చిందని. నాకు ఎన్నో మాటలు చెప్పాలని ఉంది, నోట్లో మాత్ర. సుజాత నన్ను చూస్తూ మెల్లగా తనే మాట్లాడింది. పాపను బడిలో వేశానన్నది. అందరూ వెళ్ళొద్దన్నారు, అయినా వచ్చానన్నది. నన్ను తిట్టాలని బస్సులో అన్నీ కూడబెట్టుకున్నదట, ఇప్పుడొకటీ గుర్తు రావడం లేదట. నేను జవాబు చెప్పగలిగి ఉంటే సంజాయిషీలు మొదలుపెట్టేవాడిని. పాత అలవాటది, ప్రతిదానికీ ఒక సాకు. ఆ జానెడు పూల సేపు నేను ఆమె మాట మొత్తం విన్నాను, మా పెళ్ళయ్యాక మొదటిసారిగా. నా కళ్ళవెంట నీళ్ళు కారుతుంటే తుడుచుకోలేదు. చిన్నమ్మ మూర తెంపి, గడ్డం మీద తట్టబోయి ఆగింది. "ఈ పొద్దు నువ్వు చూడమ్మా" అన్నది సుజాతతో. సుజాత లేచి వచ్చి నా నోట్లోకి చూసింది. అప్పుడే కట్టిన ఆ మూర చిన్నమ్మ ఆమె తలలో పెట్టింది.

మేము మళ్ళీ మా ఇంటికి మారే రోజు, చివరిసారిగా ఆ గడప మీద మాత్ర కరుగుతుండగా చిన్నమ్మ అడిగింది. "నేనుండాను కాబట్టి నిలబడితివి. నీ పెండ్లాం ఉంటాది కాబట్టి నిలబడతావు. ఎవురూ లేకపోతే నిలబడతావా శీనప్పా?" నేను ఛాతీ మీద చేయి వేసుకోబోయాను. "గమ్మునుండు. నాకి జవాబు వద్దు. జవాబులు మా ఆయప్ప కూడా చెప్పినాడు."

పరిశోధన ముగిసిన రోజు ఆమె డాక్టరును అడిగింది, "మన గుంపే గెలిసిందా సామీ?" అని. ఇదేమీ పందెం కాదమ్మా, లెక్క తేలడానికి ఇంకా చాలా కాలం పడుతుంది అని ఆయన నవ్వాడు. ఆ లెక్క ఏమైందో మాకెవరూ చెప్పలేదు. చిన్నమ్మ మాత్రం మా గుంపే గెలిచిందని పూల మార్కెట్టంతా చెప్పుకుంది. ఆ తర్వాత కూడా బెంగళూరు చీటీతో చాలా రోజులు అదే మాత్ర వాడాను. డాక్టర్లే మెల్లగా తగ్గిస్తూ వచ్చారు. మాత్ర మానేశాక కూడా పనికి పోతూ ఆమె ముందర ఆగేవాడిని. బేరంలో మునిగి ఉన్నా నన్ను చూడగానే గడ్డం తట్టేది. నేను బస్టాండు మధ్యలో నోరు తెరిచి చూపేవాడిని. చూసేవాళ్ళు నవ్వుకునేవాళ్ళు.

మాది చిక్కబళ్ళాపురం జిల్లా అయిన తర్వాత సంగతి ఇది. ఎండలు ముదిరిన రోజుల్లో చిన్నమ్మకు పక్షవాతం వచ్చింది. రత్నమ్మే వచ్చి చాకవేలుకు తీసుకుపోయింది. కుడి చేయి, నోరు, రెండూ పడిపోయాయి. పూలు కట్టే చేయి, ఆ గొంతు. రత్నమ్మ ఫోను చేసింది. "నువ్వు రావల్లప్పా. ఎవుర్ని చూసినా తల తిప్పుకొంటాండాది. వాకిలి పక్కే చూస్తాండాది" అన్నది. ఆమె నాతో మాట్లాడటం అదే మొదలు.

నేను చిక్కబళ్ళాపురం మార్కెట్టులో కనకాంబరాలు, మరువం కొనుక్కుని పోయాను. మంచం పక్కన కింద కూర్చుని, బొటనవేలికి దారం చుట్టి కట్టడం మొదలుపెట్టాను. ఆమె కళ్ళు నా చేతుల మీదే. ముడి గట్టిగా పడినప్పుడల్లా ఎడమ కనుబొమ్మ ముడిపడేది. ఇప్పుడు మాట్లాడలేనిది ఆమె, మాట్లాడవలసింది నేను. అన్నీ చెప్పాను. బడి వ్యాను తోలే పని దొరికిందని, పాప పొడుగైందని, మరువం ధర మండిపోతోందని. ఆమె పాత చోటులో ఎవరో జామకాయలు పెట్టుకున్నారని, పక్కన ఆ మందులంగడి ఇంకా ఉందని, రోజూ దాని ముందర నుంచే పోతున్నానని చెప్పాను. మూర అయింది. తెంపి ఆమె మోచేతి నుంచి వేలి కొస దాకా ఆనించి చూశాను. సరిగ్గా సరిపోయింది.

అప్పుడు ఆమె ఎడమ చేయి కదిలింది. దుప్పటి మీద నుంచి లేచి, వణుకుతూ, చాలా సేపటికి గడ్డం దాకా చేరింది. తట్టింది.

నేను ఆమె మొగం దగ్గరికి వంగి నోరు తెరిచాను. నాలుక ఎత్తాను. అటు తిప్పాను, ఇటు తిప్పాను. రత్నమ్మ ఏమీ అర్థంకాక చూస్తూ నిలబడింది. చిన్నమ్మ ఎప్పటిలాగే, ఏ తొందరా లేకుండా, లోపలంతా వెతికి వెతికి చూసింది. ఏమీ లేదు. ఆమె గొంతులోంచి చిన్న ధ్వని వచ్చింది. అది ఊఁ అని నాకు తెలుసు. తర్వాత ఆ చేయి దుప్పటి మీద కొంచెం విదిలించింది. పో, పనికి పో.

పోయాను. ఆమె చెప్పింది కదా. మూడో రోజు కబురు వచ్చింది. చివరి చూపుకు వచ్చినవాళ్ళలో ఎవరో, ఈయన ఎవరని అడిగితే, రత్నమ్మ నా తరఫున జవాబు చెప్పింది. "మా అమ్మ నాకి చెప్పకుండా కన్న కొడుకు" అన్నది, ఏడుస్తూనే.

ఎవరూ లేకపోతే నిలబడతావా అని ఆమె అడిగిన మాటకు నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. రోజూ ఆ మందులంగడి ముందర నుంచి నడుస్తున్నాను, అంతే. పొద్దున పళ్ళు తోముకున్నాక అద్దం ముందర నాలుక ఎత్తి చూసుకుంటాను. సుజాత మొదట్లో నవ్వేది, ఇప్పుడు వేడినీళ్ళు తెచ్చి పక్కన పెట్టి పోతుంది. ఆ తర్వాత వాకిట్లో కాసేపు నోరు మూసుకుని కూర్చుంటాను. ఎవరు పిలిచినా పలకను. కరగడానికి నోట్లో ఏమీ లేదు. అయినా మూరెడు పూలు కట్టేంత సేపు గమ్మునుంటాను, ఆమె ఏమైనా మాట్లాడుతుందేమోనని.